ఎలీసబెత్తమ్మ చెక్క

పత్రిక వచ్చిందన్న కబురు తెచ్చింది మా ఆయనే. మధ్యాహ్నం భోజనానికి ఎస్టేటు ఆస్పత్రి నుంచి వస్తూ, బూట్లు విప్పడం కూడా మరిచిపోయి మెట్లెక్కేశారు. చేతిలో మద్రాసు తపాలా ముద్ర ఉన్న కాగితపు చుట్ట.

"బి.ఏ. గారూ! అచ్చయిపోయినారు!"

నేను చారుకు పోపు పెడుతున్నాను. గరిటెతోనే వరండాలోకి పరుగెత్తాను. ఫ్రాన్సిస్ ఆ చుట్టను తలమీదికెత్తి పట్టుకున్నారు. ఆయన పొడుగు, నేను పొట్టి. రెండుసార్లు ఎగిరి ఓడిపోయి, మూడోసారి ఆయనకు చక్కిలిగింతలు ఎక్కడ పుడతాయో జ్ఞాపకం తెచ్చుకుని గెలిచాను. లోపల ఆవాలు మాడిన వాసన వస్తున్నా ఇద్దరిలో ఎవరమూ కదల్లేదు.

పదకొండో పేజీ. "పండుగల పూర్వచరిత్ర". దాని కింద "శ్రీమతి డోరతీ ఫ్రాన్సిస్, బి.ఏ., తెలుక్ ఆన్సన్, మలయా". పెళ్ళి శుభలేఖ తర్వాత మా ఇద్దరి పేర్లు అచ్చులో ఒకదాని పక్కన ఒకటి చూసుకోవడం అదే మొదలు. నా పేరుకు ఆయన పేరు ఆనుకుని కూర్చున్నట్టు ఉంది. వేలితో రుద్ది చూశాను. సిరా అంటలేదు. అది కూడా నాకు సంతోషంగానే తోచింది.

ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందో కచ్చితంగా చెప్పగలను. చారు చల్లారేంత సేపు.

1936 మార్చి రెండో వారం అది. విశాఖపట్నంలో పెళ్ళయి, ఓడెక్కి, నేను ఈ దేశం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. పెరాక్ నది సముద్రంలో కలిసే వైపు, తెలుక్ ఆన్సన్‌కీ హుటాన్ మెలింటాంగ్‌కీ మధ్య కొబ్బరి ఎస్టేటు మాది. మా ఆయన అక్కడి ఆస్పత్రిలో డ్రెస్సరు. గాయాలకు కట్లు కట్టేదీ, జ్వరాలకు క్వినైను పోసేదీ ఆయనే. నేను మద్రాసు కాలేజీలో చరిత్ర చదువుకున్న పిల్లను. ఇక్కడ నాకు ప్రతిదీ ముచ్చటే. రేకు కప్పు మీద వాన మోత ముచ్చట. నది మీద లాంచీ కూత విని గడియారం సరిచేసుకోవడం ముచ్చట. ఆయన ఈల వేస్తూ ఇంటికొస్తుంటే అది ఏ పాటో దూరం నుంచే పోల్చుకోవడం మరీ ముచ్చట.

వ్యాసం కూడా అలాంటి ముచ్చటతోనే రాశాను. వెనుకటి అన్యమతాల పండుగలు క్రైస్తవ పండుగల్లో ఎలా కలిసిపోయాయో కాలేజీలో మా చరిత్ర అధ్యాపకురాలు చెప్పిన పాఠం నాకు బాగా గుర్తు. రోము నగరంలో చలికాలం నడుమ సూర్యుడికి చేసే పండుగ రోజునే క్రీస్తు జయంతి వచ్చి కూర్చుందని, ఉత్తర దేశాల వాళ్ళు పూజించిన పచ్చని చెట్టే క్రిస్మస్ చెట్టయిందని, వసంత కాలపు గుడ్లు ఈస్టరు గుడ్లయ్యాయని ఆవిడ చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. అదంతా రాశాను. రాశాక, చివర ఏదో కొత్తది కావాలనిపించింది. మద్రాసులో ఎవరికీ తెలియనిది, నాకు మాత్రమే దొరికినది.

దొరికింది. మా ఇంట్లోనే దొరికింది.

మామ్మ, అంటే మా ఆయన నాయనమ్మ, పేరు నూకమ్మ. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు థెరిసా. ఆ పేరుతో పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూడదు. ముప్పై ఏళ్ళ కిందట అనకాపల్లి దగ్గరి పల్లె నుంచి భర్తతో ఓడెక్కి వచ్చింది. ఎస్టేటు గుడి తాళంచెవి ఆమె కొంగు ముడిలో ఉంటుంది. తెల్లవారుజామున తలుపు తీసేది, ఊడ్చేది, దీపం పెట్టేది, గంట కొట్టేది ఆమే. నెలకొకసారి ఫాదరుగారు లాంచీలో వచ్చి పూజ చేసి వెళతారు. మిగిలిన రోజుల్లో ఆ గుడికి దిక్కు మామ్మే.

మార్చి ఇరవై అయిదు మంగళవార్త పండుగ. దేవదూత వచ్చి మరియమ్మకు, నీకు కొడుకు పుడతాడని చెప్పిన రోజు. మా ఎస్టేటులో ఆ రోజు దాకా ఎవరూ కొత్త మామిడికాయ కొరకరు. ఆ పొద్దున మామ్మ తొలికాయను కత్తిపీట మీద రెండు చెక్కలు చేస్తుంది. ఒక చెక్క మరియమ్మ పాదాల దగ్గర, రెండోది గుడి బయటి మెట్టు మీద. ఆ తర్వాతే లయంలో, అంటే కూలీల ఇళ్ళ వరుసల్లో, కత్తిపీటలు కదులుతాయి. రెండో చెక్క ఎవరికని పిల్లల్ని అడిగితే ఠక్కున చెబుతారు, ఎలీసబెత్తమ్మకని. ఆ రోజే దేవదూత మరియమ్మతో, మీ చుట్టం ఎలీసబెత్తమ్మ కూడా గర్భంతో ఉందని చెప్పాడు కదా. ఆవిడకు మాత్రం పులుపు తినాలని ఉండదా?

పెద్దవాళ్ళు కూడా చాలామంది అదే నమ్ముతారు. హుటాన్ మెలింటాంగ్ నుంచి కాపురానికొచ్చిన ఒక కోడలైతే, రోమాపురిలో పోపుగారు కూడా రెండు చెక్కలే కోస్తారని నాతో వాదించింది.

అసలు సంగతి మామ్మ నాకు చెప్పింది. నవంబరు వానల్లో, బియ్యం చేటతో నా పక్కన కూర్చుని, తనంతట తానే చెప్పింది. ఇప్పుడు దాన్ని మళ్ళీ రాస్తున్నానంటే, ఈ కథలో ఉన్న వాళ్ళను అడిగి, మామ్మకు ప్రతి వాక్యం చదివి వినిపించి రాస్తున్నాను. అప్పుడు అడగలేదు.

"పరంచీసుగాడు ఏడాది పిల్లడు అమ్మీ," అంది ఆ రోజు, మా ఆయన్ని తలుచుకుంటూ. "ఆడి అమ్మా అయ్యా పదిరోజుల తేడాలో జొరంతో పోనారు. ఈడికీ ఒల్లు కాలిపోతన్నాది. అప్పుడికి మాం జ్ఞానస్నానం తీసుకుని మూడు నెల్లు. మా ఊర్ల అయితే కొత్త అమావాస్యకి నూకాలమ్మ తల్లికి కొత్త మామిడికాయ ఎట్టీకుండా ఎవులం తినం. ఆ ఏడు మంగళవార్త పండగా ఆ రోజుల్లోనే వచ్చినాది. కాయ అట్టుకెల్లి మరియమ్మ ముందర ఎట్టినాను. నోటికి మాత్రం తల్లీ నూకాలమ్మా అనే వచ్చినాది. అమ్మబాబో, తప్పయిపోనాదనీసి కాయ రెండు సెక్కలు సేసీసి ఒకటి బయటెట్టినాను. సాయంత్రానికి పిల్లడి జొరం దిగిపోనాది. ఎవులు దింపినారో ఇప్పుడికీ నాకు తెలీదు. అందుకే ఇద్దరికీ ఎడతన్నాను."

"మరి ఎలీసబెత్తమ్మ సంగతి?" అన్నాను.

మామ్మ నవ్వింది. "ఒకేడు పోలయ్య కూతురు అడిగినాది, బయటిది ఎవులికీ అని. ఏటి సెప్తాను? అప్పుడే ఉపదేశి సదివినాడు ఎలీసబెత్తమ్మ గురించి. నోటికొచ్చినాది సెప్పీసినాను. ఎవులితో అనకమ్మీ."

ఎవరితో అనలేదు. రాశాను.

ఇది చదివేవాళ్ళు నన్ను ఏమనుకున్నా ఒప్పుకుంటాను కానీ, ఒక్కటి మాత్రం చెప్పాలి. రాసేటప్పుడు నాకు ఆ "అనకమ్మీ" గుర్తే రాలేదు. ఎంత బాగుంది, ఎంత సరిగ్గా నా వ్యాసానికి అతికింది అనే ఆనందం తప్ప ఏమీ గుర్తు రాలేదు. ఇంకో సంగతి, ఆ పండుగ నేను కళ్ళతో చూసి కూడా ఎరుగను. నేను వచ్చింది జూలైలో.

చారు చల్లారుతుండగా మామ్మ వరండాలోనే, గుడి చీపురు కోసం కొబ్బరాకు ఈనెలు చీరుతూ కూర్చుని ఉంది. మా గంతులు చూసి, "ఏటర్రా ఆ ఎగురుడు?" అంది.

"నీ మనవరాలి పేరు అచ్చేసినారు మామ్మా," అన్నారు ఫ్రాన్సిస్. పత్రిక అందుకుని పేజీ మీద కళ్ళు పరిగెత్తించి, "ఓలమ్మో, నీ పేరూ ఉన్నాది!" అని గట్టిగా నవ్వారు.

"నా పేరే! అచ్చులోనే!" ఈనెలు ఒళ్ళోంచి జారిపోయాయి. పైట సర్దుకుంది, ఎవరో ఫొటో తీస్తున్నట్టు. "సదువమ్మీ. నా పేరున్నకాడే సదువు. ముందరిదంతా నాకెందుకు?"

చదవడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే ఇంపుగా ఉంది. "మా ఎస్టేటునందలి నూకమ్మ అను వృద్ధురాలు తొలి మామిడికాయను రెండు చెక్కలు చేసి, ఒకటి మరియమాత ఎదుటను, రెండవది వెలుపలి మెట్టు మీదను ఉంచును. రెండవది ఎలీసబెత్తమ్మ కొరకని అందరును నమ్ముదురు. వాస్తవమునకు అది నూకాలమ్మ అను అన్యదేవతకు చెందును. తన మనుమని జ్వరము తగ్గుటకై మొక్కిన మొక్కును ఆమె నేటికిని రహస్యముగా..."

రహస్యముగా అన్న మాట దగ్గర మామ్మ "అనకమ్మీ" అన్నది గుర్తొచ్చింది. కానీ చదువుతున్న నోరు ఒక్కసారిగా ఆగదు. "...తీర్చుచున్నది. అజ్ఞానము వలన మిగిలిన ఇట్టి ఆచారములు విద్యావ్యాప్తితో ఎండుటాకుల వలె రాలిపోవును."

ఎండుటాకులన్న పోలిక కోసం ఒక సాయంత్రమంతా ఆలోచించాను. ఆ పోలిక ఇప్పుడు చెవికి ఎలా వినపడిందో చెప్పలేను.

ఫ్రాన్సిస్ నవ్వు ఆగిపోయింది. తన జ్వరం సంగతి, ఆ మొక్కు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదట. "నా సంగతి నాకు మద్రాసు నుంచి తెలిసినాది," అన్నారు. అంతే, బూట్లతోనే మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళిపోయారు. అన్నం తినలేదు. పెళ్ళయ్యాక ఆయన నా చేతి అన్నం తినకుండా వెళ్ళడం అదే మొదలు.

మామ్మ ఆయన మెట్లు దిగేదాకా చూసింది. తర్వాత అడిగింది.

"ఆ ముందర ఏటి రాసినావు? నాను ఒద్దన్నాది. అది సదువు."

క్రిస్మస్ చెట్టు గురించి రాసింది చదివాను. "పూర్వపు చెట్టును నరికివేయక, దానికి దీపములు కట్టి తనదిగా చేసికొనిన క్రైస్తవ శ్రీసభ యొక్క వివేకమునకు ఇది తార్కాణము."

"వివేకమంటే?"

"తెలివి మామ్మా."

"తెల్లోల్ల సెట్టుది తెలివి. నా మామిడికాయది అజ్ఞానం. అదేనా?"

బి.ఏ.లో ఆ ప్రశ్న రాలేదు.

"ఇన్నేల్లూ మరియమ్మకి తెలీదమ్మీ," అంది మామ్మ, ఈనెలు ఒక్కొక్కటే ఏరుకుంటూ. "బయటెట్టినాది ఎలీసబెత్తమ్మకే అనుకుంది ఆ తల్లి. నువ్వు అచ్చేసి సెప్పీసినావు. రేపు ఆ తల్లి మొకం ఎలా సూడాల?"

నవ్వు రావలసిన మాట. నాకు ఏడుపొచ్చింది. ఆమె కొంగు ముడి విప్పి గుడి తాళంచెవి నా ముందు చాప మీద పెట్టింది. "అజ్ఞానపోల్లు గుడి తియ్యకూడదు కదేటి. ఎవులికి ఇస్తావో ఇయ్యి."

ఆ మర్నాటి నుంచి గుడి నేనే తెరిచాను. ఊడ్చాను. ఆమె ఊడ్చినట్టు రాలేదు. దీపం రెండుసార్లు ఆరిపోయింది. గంట కొడితే లయంలో వాళ్ళు బయటికొచ్చి చూశారట, ఎవరికేమైందో అని. గంట మోతలో కూడా చెయ్యి తెలుస్తుందని నాకప్పుడు తెలిసింది. మామ్మ నాతో మాట్లాడడం మానలేదు. అదే మరీ బాధ. ఉప్పు ఎక్కడుంది, వాన వస్తున్నాది బట్టలు తియ్యి, అంతవరకే మాట్లాడేది. సాయంత్రాలు బియ్యం చేటతో నా పక్కన కూర్చోవడం మానేసింది.

నాలుగో రోజున ఉపదేశి సాలమన్‌గారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు. ఫాదరుగారు లేనప్పుడు ప్రార్థనలు చెప్పించేది, పిల్లలకు జపాలు నేర్పేది ఆయనే. ఆ పత్రిక ఆయనకూ వస్తుంది.

"ఏటమ్మా, ఎంత పని సేసినారు!" అన్నారు. తిట్టడానికే వచ్చారనుకున్నాను. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది. "మన ఎస్టేటు పేరు మద్రాసు ఎక్కించినారు కదా! నిన్న తెలుక్ ఆన్సన్ ఎల్లి ఫాదరుగారికి మొత్తం అరవంలో సెప్పి ఇనిపించినాను. ఒక్క ముక్క వొగ్గలేదు."

"ఒక్క ముక్క కూడానా?"

"ఒట్టు. మామిడి సెక్క కాడ రెండుసార్లు సెప్పమన్నారు. ఎంత ఇష్టపడిపోనారో!"

జేబులోంచి చీటీ తీసి ఇచ్చారు. ఫాదరుగారి ఇంగ్లీషు చీటీ. ఇరవై నాలుగు సాయంత్రం వస్తానని, తాను వచ్చి మాట్లాడేదాకా మామిడికాయలు కోయవద్దని, తాళంచెవి విషయం థెరిసమ్మతో మాట్లాడాలని. సాలమన్‌గారికి ఇంగ్లీషు రాదు. చీటీలో అభినందనలున్నాయనుకుని, ఆనందంగా ఒక గ్లాసు మజ్జిగ తాగి వెళ్ళారు.

ఆ పది రోజులూ ఎస్టేటులో మామిడికాయలు నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉండేవి. లయం వెనక నాలుగు చెట్లున్నాయి. ఊరి నుంచి తెచ్చిన టెంకలు నాటితే పెరిగినవి. కొమ్మలు వంగి, కాయలు చేతికందుతున్నాయి. ఎవరూ ముట్టరు. కొప్రా ఆరబెట్టే షెడ్డులో పనిచేసే రోజ్‌కు ఆరో నెల. చేతి గాయానికి కట్టు మార్పించుకోవడానికి ఆస్పత్రికి వచ్చిన ప్రతిసారీ మా మెట్ల దగ్గర ఆగుతుంది.

"ఏటి డ్రెస్సరమ్మా, మామ్మ ఈ ఏడు కొయ్యదంట కదా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంతన్నారు. ఎండు కొబ్బరి వాసనకి వాంతులొచ్చీస్తన్నాయి. ఒక్క ముక్క పులుపు తగిల్తే బతుకుతాను."

"తినెయ్యి రోజ్. నీకేమీ దోషం లేదు. ఆస్పత్రి వాళ్ళం, మేం చెబుతున్నాం."

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో, మామ్మ ఎట్టకుండానా? ఎలీసబెత్తమ్మకి నేకుండా నానెలా తింతాను? ఆవిడదీ నాదీ ఒకే నెల."

ఎలీసబెత్తమ్మకు ఆరో నెల అని దేవదూత చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. పొట్టమీద చెయ్యి వేసుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. మెట్ల మీదే కూర్చుండిపోయాను. రోజ్ మనసులో నూకాలమ్మ లేదు. ఎలీసబెత్తమ్మే ఉంది, నిజంగా ఉంది, పక్కింట్లో ఉన్నంత నిజంగా. సూర్యుడి పండుగలో సూర్యుణ్ణి మరిచిపోవడానికి రోము వాళ్ళకు ఎన్ని తరాలు పట్టిందో నేనే లెక్క కట్టి రాశాను. వాళ్ళ మీద ఎవరూ పత్రికలో వ్యాసం వేయలేదు. మా ఎస్టేటులో అదే పని పాతికేళ్ళుగా, ఎవరూ చెప్పకుండా, తనంతట తాను జరిగిపోతోంది. మధ్యలో నేను వెళ్ళి దీపం ఎత్తి చూపించాను.

ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం ఫ్రాన్సిస్ నా పక్కన కూర్చున్నారు. ఈ పది రోజుల్లో ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఈల మాత్రం వేయలేదు.

"ఒక దారున్నాది," అన్నారు. "ఫాదరుసామి అడిగితే, కల్పించి రాసినానని సెప్పు. కతలాగ. మామ్మ అలాగనలేదని సెప్పు. అయిపోద్ది."

"నా వ్యాసం అబద్ధమని పత్రికకు రాస్తారు."

"రాయనీ."

అది పెద్ద విషయం కాదని ఆయన అన్న తీరులో ఉంది. నిజానికి కాదు కూడా. కానీ పదకొండో పేజీలో ఆ రెండు పేర్ల కింద వచ్చే నెల "పొరపాటు" అని పడుతుందని తలుచుకోగానే నా లోపల ఏదో గింజుకుంది. ఇంత జరిగాక కూడా నాకు ఆ పేజీ మీదే ప్రేమ. ఆ సంగతి ఆయనకు కనపడకుండా ముఖం తిప్పుకున్నాను. "సరే, అలాగే చెబుతాను," అన్నాను.

నాలుగు గంటల లాంచీలో ఫాదర్ కెర్వెన్ దిగారు. ఫ్రెంచివారు. తెల్లగడ్డం, మోకాళ్ళ దాకా బురద. గుడిలో బల్ల మీద కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోమన్నారు. అందరితో అరవం, నాతో మాత్రం ఇంగ్లీషు మాట్లాడతారు. తాళంచెవి నా చేతిలోనే ఉంది.

"వ్యాసం బాగుంది," అన్నారు. "చివరిది నిజమేనా?"

కల్పించాను ఫాదర్. రెండే మాటలు. నోరు తెరిచాను. మరియమ్మ విగ్రహం ఆయన భుజం మీదుగా నన్నే చూస్తోంది. ఈ తల్లికి నేనే అచ్చేసి చెప్పేశానన్న మామ్మ మాట గుర్తొచ్చింది. ఇప్పుడు అబద్ధం కూడా నా నోటి నుంచే వినాలా?

"నిజమే ఫాదర్. కానీ అది నాది కాదు. ఆమె నన్ను నమ్మి చెప్పుకున్నది. ఎవరితో అనవద్దని కూడా అంది. నాకు వ్యాసం చివర అందంగా ఉంటుందని తీసుకున్నాను. ఎండుటాకులని రాసింది కూడా అందం కోసమే. ఆమెను శిక్షించాలంటే ముందు నన్ను శిక్షించండి."

ఆయన గడ్డం నిమురుకుంటూ బయటి మెట్టు వైపు చూశారు. ఆ మెట్టు మీద ఏళ్ళ తరబడి మామిడి పులుపు పడి, మెట్టు కొయ్య ఒకచోట తెల్లబడి ఉంది. నేను అంతకు ముందు గమనించలేదు.

"మా ఊళ్ళో," అన్నారు, "ఆత్మల పండుగ ముందు రోజు సాయంత్రం మా అమ్మ బల్ల మీద పాలగిన్నె, రొట్టె ఉంచేది. పొయ్యి ఆర్పేది కాదు. చనిపోయిన వాళ్ళు వచ్చి తాగుతారని. క్రీస్తు కంటే పాత అలవాటది. మా ఊరి ఫాదరుకు తెలుసు. ఆయన తల్లి కూడా పెట్టేది. ఎవరూ దాన్ని పత్రికలో వేయలేదు."

నేను తల వంచుకున్నాను. కోప్పడినా అంత గట్టిగా తగిలేది కాదు.

"నేను విననట్టు ఉండిపోయేవాణ్ణి," అన్నారు. "ఇప్పుడు కుదరదు. విన్నాను. సాలమన్ ఊరూరా చెబుతాడు, పాపం, మంచిగానే చెబుతాడు. రేపు మెట్టు మీద చెక్క పెడితే అది ఎవరిదని అందరూ గుసగుసలాడతారు. అందుచేత బయట ఏమీ ఉండకూడదు. రెండు చెక్కలూ లోపలే, పీఠం మీద. కొత్తపంటను దీవించే ప్రార్థన మన పుస్తకంలోనే ఉంది. రెంటినీ దీవిస్తాను. ఆమె ఒప్పుకుంటే తాళంచెవి ఆమెదే. ఒప్పుకోకపోతే ఈ ఏడు మామిడికాయలు లేవు. వెళ్ళి అడుగు. నువ్వే అడగాలి."

లేచి, గుమ్మం దాకా వెళ్ళి, ఆగాను. "ఫాదర్, మీ అమ్మగారి పాలగిన్నె సంగతి మామ్మకు చెప్పవచ్చా?"

ఆయన కళ్ళు కొంచెం నవ్వాయి. "అడగడం నేర్చుకున్నావు. చెప్పు."

ఇంటికొచ్చేసరికి సాయంత్రపు ఎండ వరండాలో పడుతోంది. మామ్మ నా వైపు వీపు పెట్టి ఈనెలు చీరుతోంది. ఫ్రాన్సిస్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు. నేను నేల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. కల్పించాననబోయి అనలేకపోయినదీ చెప్పాను. ఫ్రాన్సిస్ తల తిప్పి నన్ను చూశారు. రెండు చెక్కలూ లోపలే అన్న దగ్గర మామ్మ చేతులు ఆగాయి. పాలగిన్నె దగ్గర ఆమె మెల్లగా ఇటు తిరిగింది.

"నిజమేనా అది?"

"నిజమే మామ్మా. ఆయనే చెప్పమన్నారు."

"సామి తల్లి పేరేటి?"

"అడగలేదు."

"అన్నీ అడుగుతావు. గావలసినాది అడగవు." ఈనెల కట్టను నేలకు తట్టి సరిచేసింది. "పాలు ఎవులు తాగీవోరంట? పిల్లి తాగీదా?"

"అదీ అడగలేదు."

ఫ్రాన్సిస్ దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగారు. మామ్మ ముఖంలో మాత్రం నవ్వు లేదు. నది వైపు తిరిగింది.

"ఇరవయ్యారేల్లు ఆ మెట్టు మీద ఎట్టినాను," అంది. "ఎండలో, వానలో. ఒకరు లోపల, ఒకరు బయట. ఎవులి మొకమూ సరిగ్గా సూడనేకపోనాను. లోపలికెల్తే బయట ఆవిడ ఏటనుకుంతాదో అని. బయటికొస్తే లోపలావిడ ఏటనుకుంతాదో అని." ఆగింది. "ఇదిగో పరంచీసూ, నువ్వు బతికినావు. ఎవులు బతికించినారో నన్నడక్కు. నాకు తెలీదు, తెలిసినా సెప్పను. ఈ ఇంట్ల గోడలకి అచ్చులొచ్చినాయి."

ఆ మాట నాకే. భరించాను. తాళంచెవిని రెండు చేతులతో ఆమె ముందు పెట్టాను.

"క్షమించు మామ్మా."

ఆమె క్షమించానని అనలేదు. తాళంచెవి మాత్రం తీసుకుని కొంగున ముడేసుకుంది. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది.

"ఇనుకో. రేపు తెల్లారగట్ట నాలుగింటికి నన్ను లేపు. తలుపు నానే తీస్తాను, గంట నానే కొడతాను. నువ్వు కొడితే సావు కబురులాగున్నాది. కాయ మాత్రం నువ్వే కొయ్యాల. రెండు సెక్కలూ సమానంగా రావాల. నువ్వే అట్టుకెల్లి, అందరూ సూస్తండగా, పీటం మీద పక్కపక్కనెట్టాల. పూజయ్యాక తొలి ముక్క రోజీకి."

"అలాగే మామ్మా. ఏ చెక్క ఎవరికని చెప్పి పెట్టమంటావు?"

మామ్మ లేచి, చీపురు చంకలో పెట్టుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నీకెందుకమ్మీ అది? ఎవులిదేదో ఆలకి తెలుసు. ఈసారి నీకు సెప్పను. కత్తిపీట కడిగి ఉంచు. నాలుగింటికి, మరిసిపోకు."